వేవిళ్ళు కాని వేవిళ్ళు

నేను ఎప్పుడెప్పుడు వాంతి చేసుకుంటానా అని మా అత్త కళ్ళలో వత్తులు వేసుకుని కాచుకున్న రోజులు కొన్ని ఉన్నాయి. ఇలా మొదలుపెడితే ఆమె గయ్యాళి అనుకుంటారు. కాదు. ఆ కాచుకోవడంలో ఉన్నదంతా ప్రేమే. నన్ను మరీ అయోమయంలో పడేసింది కూడా ఆ ప్రేమే.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు వాంతి అంటే భయం. కొందరికి పామంటే, కొందరికి పిడుగంటే ఉన్నట్టు నాకు ఇది. ఎదుటివాళ్ళు కక్కినా భయమే, నాకు వస్తుందేమోనన్నా భయమే. ఎవరైనా “కడుపులో ఎట్లో ఉండాది” అంటే చాలు, అరచేతులు చల్లబడతాయి, చెవుల్లో హోరు మొదలవుతుంది, కాళ్ళు వాటంతటవే వాకిలి వైపు నడుస్తాయి. గొంతులోకి డోకు ఎగదన్నుతుంది. పైకి మాత్రం ఏమీ రాదు. రానివ్వను. ఊపిరి బిగబట్టి, పళ్ళు బిగించి, గోడ పట్టుకుని నిలబడతాను. చిన్నప్పుడెప్పుడో తప్ప నేను వాంతి చేసుకున్న గుర్తే లేదు. మరి ఎందుకంత భయం అంటే, నాకూ తెలియదు.

ప్రొద్దుటూరులో మా నాయన బడిపంతులు. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం మా వీధిలో వాంతిబేదులు వచ్చి, ఇళ్ళకు ఇళ్ళు తాళాలు వేసుకుని పోయారని అమ్మ చెప్పేది. దానికీ దీనికీ ముడి ఉందేమో అని చాలాసార్లు ఆలోచించాను. ఉయ్యాలలోని పిల్లకు ఏం గుర్తుంటుంది? మా అక్క కూడా ఆ ఇంట్లోనే ఉంది, ఆమె ఎవరు ఏం కక్కినా బూడిద పోసి ఎత్తి, చేతులు కడుక్కుని వచ్చి అన్నం తినేది. ఒకసారి ధైర్యం చేసి అమ్మతో చెప్పుకున్నాను.

“ఇంత రోత పడితే రేపు బిడ్డల్ని ఎట్ల సాకుతావ్‌మే?” అంది.

“రోత కాదుమా, భయం.”

“భయమేంది? అదేమన్నా దయ్యమా?”

దయ్యమైతే బాగుండేది, తాయెత్తయినా కట్టించేవాళ్ళు. రోత పుడితే మనిషి ముక్కు మూసుకుంటాడు, భయం వేస్తే పరుగెత్తుతాడు. నేను పరుగెత్తేదాన్ని. చూసేవాళ్ళకు మాత్రం రెండూ ఒకటిగానే కనిపించేవి. ఆ తేడా ఎవరికీ చెప్పి ఒప్పించలేక ఊరుకున్నాను.

పెళ్ళయి పులివెందులకు వచ్చాను. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కచేరీలో ప్రతివాడూ ఇవాళో రేపో కర్నూలుకు బదిలీ అవుతుందని చొక్కాలు ఇస్త్రీ చేయించుకునేవాడు గాని, ఎవరికీ అయినట్టు నేను వినలేదు. ప్రొద్దుటూరు నుంచి నన్ను కాపురానికి తీసుకొచ్చిన బస్సు ప్రయాణం ఇప్పటికీ గుర్తుంది. దారి పొడుగునా నేను తల ఎత్తలేదు. “ఎంత సిగ్గరి పిల్లో” అని మా ఆయన తరఫు వాళ్ళంతా మెచ్చుకున్నారట. సిగ్గూ లేదు, ఏమీ లేదు. ముందు సీటులో ఒక ముసలాయన మాటిమాటికీ గుటకలు మింగుతున్నాడు, అది చూడలేక తల వంచుకున్నాను. నా భయానికి మొదటి నుంచీ ఇలా మంచి పేర్లే వస్తూ పోయాయి.

పాప పుట్టింది. చంటిబిడ్డలు తాగిన పాలు కక్కుతారు కదా, అది నాకు భయం కలిగించలేదు. భుజం మీద కక్కితే కొంగుతో తుడుచుకుని మళ్ళీ ఎత్తుకునేదాన్ని. తల్లినయ్యాక ఈ పీడ విరగడైపోయిందని ఎంత సంబరపడ్డానో! పిల్ల అన్నం తినడం నేర్చి, మొదటిసారి జ్వరం వచ్చి, పెద్ద మనుషుల్లా కడుపు మెలిపెట్టుకుని కక్కిన రోజు తెలిసింది, విరగడ కాలేదని. పిల్లను చాప మీద అట్లాగే వదిలేసి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎలా వచ్చానో తెలియదు. లోపల అది ఏడుస్తోంది. పెరట్లో గిన్నెలు తోముతున్న అత్త బూడిద చేతులతో పరుగెత్తుకొచ్చింది.

కక్కుతున్న మనిషికి ఎవరో ఒకరు నుదురు పట్టుకోవాలి. మా వైపు అది కట్టుబాటు లాంటిది. ఒక చేయి నుదుటి మీద, ఒక చేయి వీపు మీద. కక్కేవాళ్ళు తల బరువంతా ఆ అరచేతికి వదిలేస్తారు. పగవాడైనా సరే, పక్కనున్నవాడు పట్టుకోకుండా చూస్తూ నిలబడడు. మా పాపకు ఆ చేయి ఎప్పుడూ వాళ్ళ జేజిదే, అంటే నాయనమ్మది. పిల్లలందరూ ఒంట్లో బాగా లేకపోతే “అమ్మా” అని అరుస్తారు. మా పాప “జేజీ” అని అరిచేది. అది విన్నప్పుడల్లా నా ప్రాణం గిలగిల్లాడేది. ప్రాణం లోపలికి లాగేది, కాళ్ళు బయటికి లాగేవి, ఎప్పుడూ కాళ్ళే గెలిచేవి.

పాప కక్కబోతోందని అందరికంటే ముందు నాకు తెలిసేది. పామును చూసి భయపడేవాడికే గడ్డి కదలడం ముందు కనిపిస్తుంది. పిల్ల మొదట మాట్లాడటం మానేస్తుంది. తర్వాత ఉమ్మి మింగుతుంది. పై పెదవి మీద సన్నగా చెమట పడుతుంది. ఆ చెమట కనబడగానే “అత్తా!” అని కేక పెట్టి మాయమైపోయేదాన్ని. “ముందే ఎట్ల తెలుస్తాదో ఈ యమ్మికి! తల్లి పానం గదా” అని అత్త వీధిలో అందరితో చెప్పేది. చూశారా, మళ్ళీ మంచి పేరు.

పాప నాలుగేళ్ళు దాటిన ఎండాకాలంలో అసలు కథ మొదలైంది. మా ఆయన జమాబందీకి పోయాడు. ఊళ్ళ వెంబడి తిరిగి శిస్తు లెక్కలు చూసే కచేరీ పని అది. మొదలైతే వారాల తరబడి మనిషి ఇంటికి రాడు. ఇంట్లో అత్త, నేను, పాప. పాపకు ఉన్నట్టుండి కడుపునొప్పి, వాంతి. రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదలు. నేను వణికిపోతూ తిండి తగ్గించేశాను. పిల్లది కాదు, నాది. తింటేనే కదా పైకి వచ్చేది అని నా లెక్క. మజ్జిగ నీళ్ళు తాగి పడుకునేదాన్ని. ఆ లెక్క అర్థం లేనిదని నాకే తెలుసు. అయినా అన్నం ముందు కూర్చుంటే చేయి కదలదు.

ఒక పొద్దున పాప అరుగు మీద కూర్చుని సంగటి తింటోంది. నేను పక్కనే వంగి ముగ్గు వేస్తున్నాను. ముఖం చూడలేదు కాబట్టి చెమట పట్టడం కనిపించలేదు. నా పాదాల మీదే కక్కింది. నేను నోటికి చేయి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తి, గోడ పట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారేలా ఒట్టి డోకులు డోకాను. పాపకు నుదురు పట్టి, మూతి కడిగి, అత్త నా దగ్గరికి వచ్చింది.

“ఏందిమే? ఏమాయ?”

“కడుపులో తిప్పుతాందత్తా,” అన్నాను.

అంతే నేనన్నది. పెళ్ళయిన ఆడది పొద్దున్నే గోడ పట్టుకుని ఆ మాట అంటే మా వైపు ఒకటే అర్థం. అది నాకు తెలియక కాదు. ఆ క్షణంలో తట్టలేదు. అత్త ముఖం చూస్తుండగానే విచ్చుకుంది.

“తలకు పోసుకుని ఎన్నాళ్ళాయమే?”

నిజంగానే నెల తప్పింది. ఎన్నాళ్ళో నేను చూసుకోలేదు. సరిగ్గా తినని రోజుల్లో నాకు అది తప్పడం మామూలే. అదా, ఇదా? తెలియక తల వంచుకున్నాను. తల వంచుకోవడం ఎంత తప్పో! సిగ్గు అనుకుంది అత్త. మధ్యాహ్నానికల్లా “మా కోడలు వట్టిమనిషి కాదు” అని వీధి వీధంతా తెలిసిపోయింది. పక్కింటి సాయిబు గారి భార్య పమిట చాటున పచ్చి మామిడికాయలు తెచ్చిచ్చింది.

ఆ మర్నాటి నుంచి నా పాట్లు ఎవరికీ వద్దు. కళ్ళు తెరవగానే అత్త మొదటి ప్రశ్న, “కక్కినావా?”

“లేదత్తా.”

“కక్కుకోమే. కక్కితే వొళ్ళు తేలికయితాది. నీ మొగుడు కడుపున పడినప్పుడు నేను పచ్చినీళ్ళు గూడా నిలుపుకోల్యా. శానా మంచిది కక్కడం. బిడ్డ గట్టిగా నిల్చినట్టు.”

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, అచ్చం అదే. నేను పెరట్లోకి పోతే వెనకే వచ్చేది, నా నుదురు పట్టుకోవడానికి చేయి తడుపుకుని మరీ. ఏమీ రాకపోతే ముఖం చిన్నబుచ్చుకునేది. పాప కడుపున పడ్డప్పుడు నాకు వేవిళ్ళు లేవు. “ఆడపిల్ల గాబట్టి” అంది అప్పట్లో. ఇప్పుడు నా డోకు చూసి ఇది మగపిల్లవాడేనని తేల్చేసింది. రాత్రి పడుకుని పొట్ట మీద చేయి వేసుకుని నేనూ అడిగేదాన్ని, ఉన్నావా లేవా అని. ఉంటే రేపో మాపో నిజంగానే వాంతులు వస్తాయి కదా అని గుండె జారిపోయేది. లేకపోతే అత్తకు ఏమని చెప్పాలి? ఒకోసారి ఉంటే బాగుండుననిపించేది. తెల్లారేసరికి వద్దనిపించేది. నా మనసు నాకే పట్టుబడలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పాప దగ్గరికి పోవద్దని అత్త నాకు ఆజ్ఞ వేసింది. “నీకు తిప్పుతాది, నువ్వు బయట ఉండు, నేను చూసుకుంటా” అంది. ఇన్నేళ్ళూ దొంగలా పారిపోయినదాన్ని, ఇప్పుడు దర్జాగా పారిపోవచ్చు. హాయిగా ఉంది అనుకుంటూనే కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేదాన్ని.

పాప రోజురోజుకీ చిక్కిపోయింది. పొట్ట మాత్రం ఉబ్బి గట్టిపడింది. ఊళ్ళోని కాంపౌండరు ఇచ్చిన ఎర్రమందు కూడా నిలవలేదు. “పెద్దాసుపత్రికి, జమ్మలమడుక్కు తీసుకపోండమ్మా” అన్నాడు ఆయన. అత్త విననే లేదు.

“ఆ కాంపౌండరుకేం దెలుసు? కడుపులో బిడ్డ పడితే వొళ్ళో బిడ్డ చిక్కుతాది. యా ఇంట్లోనైనా ఉండేదే. ఆ బిడ్డ భూమ్మీద పడితే ఈ పిల్ల అదే తేరుకుంటాది.”

ఆ మాట విన్నాక నా తల గిర్రున తిరిగింది. పాప కక్కుతుంటే నేను డోకాను. నేను డోకానని కడుపు అన్నారు. కడుపు ఉందని పాప కక్కుతోందంటున్నారు. ఈ గానుగ చుట్టూ తిరుగుతున్నంతసేపూ పాపకు వైద్యం లేదు. నాకు కడుపు లేదని చెబితే ఆగుతుంది. కాని లేదని నాకు తెలుసా? తెలిస్తే కదా చెప్పడానికి! పోనీ, డోకు ఎందుకొచ్చిందో చెబుదామా? కన్నబిడ్డ కక్కితే భయమేసి పారిపోయానని అత్తతో ఏ నోటితో అనను? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరకే అన్నారా? అడుగుదామంటే మా ఆయన ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా తెలియదు. ఉన్నా ఏం చేసేవాడు? “అమ్మ ఏమంటాది?” అనేవాడు.

ఒక ఉదయం పాప కక్కి, అత్త చేతిలోనే తల వాల్చేసింది. అంతకుముందు “జేజీ” అని అరిచేది కదా, ఆ రోజు అరవలేదు. కిటికీ ఊచల్లోంచి చూస్తున్నాను. దాని కళ్ళు సగం మూతపడి ఉన్నాయి, పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అరవకపోవడం నన్ను నిలబడనివ్వలేదు. లోపలికి పోయాను.

“అత్తా, జమ్మలమడుక్కు పోదాం. ఇప్పుడే.”

“పిచ్చి గాని పట్టిందా? ఆ బస్సు కుదుపులకు నీ కడుపు నిలుస్తాదా?”

“పోతే పోనీ!”

అత్త చప్పున నా నోటి మీద చేయి వేసింది. అంత మాట నా నోట ఎలా వచ్చిందో! ఉన్నదో లేదో తెలియని దాన్ని పొమ్మన్నాను. అత్త చేయి తీసి, పాపకు దుప్పటి చుట్టింది.

బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పాపను నా ఒళ్ళో పడుకోబెట్టి, అత్త అటు పక్క కూర్చుంది. కూర్చోగానే డ్రైవరుకు వినబడేలా కేక పెట్టింది.

“నాయనా, మెల్లగా తోలు! మా కోడలు వట్టిమనిషి కాదు!”

బస్సు బస్సంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను కొంగు ముఖానికి కప్పుకుని నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాను. ఎండ, డీజిలు వాసన, ఎవరో తెచ్చిన మిరపకాయల మూట ఘాటు. ముద్దనూరు దాటకముందే అత్త మాటలు తగ్గిపోయాయి. మాటలు తగ్గడం అంటే నాకు తెలుసు. తల తిప్పి చూశాను. ఉమ్మి మింగుతోంది. పై పెదవి మీద చెమట. అయ్యో దేవుడా, అనుకున్నాను. ఊరందరి నుదుళ్ళూ పట్టుకున్న మనిషి ఆమె. పులివెందుల దాటి బస్సెక్కడం ఎన్నేళ్ళ తర్వాతో. నడిచే దారిలోకి వంగి కక్కేసింది. ఆ వాసనకో ఏమో ఒళ్ళో పాప కూడా కదిలింది. ఇటు పాప, అటు అత్త, మధ్యలో నేను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి కూడా కాదు, అటూ ఇటూ రెండూ నూతులే. పరుగెత్తడానికి వాకిలి లేదు.

నేనేం చేశానో చెప్తాను. పాప నడుము రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు ఎత్తి, ముఖం ఇటు తిప్పేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అంతే చేయగలిగాను. వెనక సీటులోంచి మిరపకాయల మూటావిడ లేచి, చేయి చాచి పాప నుదురు పట్టుకుంది. “నువ్వు వట్టిమనిషివి కాదంట గదమ్మా, ఉండుల్యా, నేను పట్టుకుంటా,” అంది. ఆమె చేతికి నా బిడ్డ తల అప్పగించి, నేను కళ్ళు మూసుకుని పెన్న దాటే దాకా తెరవలేదు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు పాప పొట్ట నొక్కి చూసింది. ఏలికపాములు. పొట్టలో ముద్ద కట్టి దారికి అడ్డం పడ్డాయట. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే కోయవలసి వచ్చేదంది. చేతికి సూది గుచ్చి సీసా కట్టారు, పురుగులు పడే మందు పట్టారు. కడుపులో ఏదో ఉందని ఇన్నాళ్ళూ మేమంతా నా కడుపు చూస్తూ కూర్చున్నాం, ఉన్నదేమో పాప కడుపులో. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బస్సులో వాడిపోయిన తోటకూరలా తయారైన అత్త అంత నీరసంలోనూ డాక్టరు చేయి పట్టుకుంది.

“మా కోడల్ని గూడా ఒకసారి చూడు తల్లీ. వట్టిమనిషి కాదు.”

“ముందు పిల్ల గండం గడవనీయండి, రేపు చూస్తాను,” అంది డాక్టరు.

ఆ రేపు రాకముందే నాకు నెలసరి వచ్చేసింది.

అత్తకు చెప్పక తప్పలేదు. విని వరండాలో స్తంభానికి ఆనుకుని కూలబడింది. గట్టిగా ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “పెద్దదాన్ని నిలుపుకోనీకె చిన్నోణ్ణి పోగొట్టుకున్న్యావు గదమే,” అంది. నింద కాదు అందులో. నా తల నిమురుతూ అంది, నేనేదో గొప్ప పని చేసినట్టు. పోతే పోనీ అన్న నా మాట ఎత్తుతుందేమోనని ఎదురుచూశాను. ఎత్తలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఎత్తలేదు.

అది ఎప్పుడూ వచ్చేదే, ఆలస్యంగా వచ్చింది, అంతేనేమో. కాదేమో. ఎప్పటికంటే ఎక్కువగా ఉన్నట్టు అనిపించింది. అనిపించిందో, అత్త ఏడుపు చూసి అనుకున్నానో. మర్నాడు డాక్టరు చూస్తానంటే వద్దన్నాను. చూస్తే తేలిపోతుంది. లేదని తేలితే అత్త నా కోసం ఏడ్చిన ఏడుపంతా దండగ. ఉండి, పోయిందని తేలితే నేను ఏమైపోతానో తెలియదు. అందుకని తేలకుండానే వదిలేశాను. కాని ఏడుపు మాత్రం ఆగలేదు. పేరు లేదు, రూపు లేదు, అసలు ఉన్నాడో లేదో తెలియదు, అలాంటివాడి కోసం ఏడుస్తున్నానా, లేక బిడ్డ దక్కినందుకు ఏడుస్తున్నానా అంటే ఇప్పటికీ చెప్పలేను.

అత్త ఎక్కడి నుంచో మిరియాలు సంపాదించి చారు కాచి తెచ్చి, బాలింతకు పెట్టినట్టు పెట్టింది. ఎలా తెలిసిందో మా ఆయన క్యాంపు నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా దుమ్ముతో. వాళ్ళమ్మ పక్కకు పిలిచి చెప్పింది. వచ్చి నావైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, పాప కాళ్ళ దగ్గర కూర్చుని ఆ కాళ్ళు మెల్లగా నొక్కుతూ ఉండిపోయాడు. నిజం చెబుదామని నోటి దాకా వచ్చింది. ఏది నిజమో తెలిస్తే కదా.

ఆ మధ్యాహ్నం ఆయన అత్తను హోటలుకు తీసుకుపోయాడు, ఆమె రెండు రోజులుగా సరిగ్గా తినలేదని. పాప దగ్గర నేనొక్కదాన్నే. దానికి ముఖంలో కాస్త కళ వచ్చింది. నా గాజులు లెక్కపెడుతూ ఏదో కబుర్లు చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఉమ్మి మింగింది. నేను లేచి నిలబడ్డాను. పై పెదవి మీద సన్నగా చెమట.

“అత్తా!” అని అలవాటుగా కేక పెట్టాను. ఎవరున్నారు పలకడానికి? నర్సు ఆ చివర గదిలో ఉంది. నేను తలుపు దాకా వెళ్ళాను. వెనక నుంచి పాప పిలిచింది.

“మా, నువ్వు బయటికి పో.”

“ఎందుకు తల్లీ?”

“కక్కొస్తాంది. నీకు బయం గదా. పో మా బిన్నె.”

నేను కదల్లేకపోయాను. మా అమ్మకు తెలియలేదు, అత్తకు తెలియలేదు, కట్టుకున్నవాడికి తెలియలేదు. ఆ పసిదానికి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో! తను కక్కబోయే ముందు నేను పారిపోతుంటే, ఎన్నిసార్లు చూసి ఊరుకుందో!

పాప మంచం మీద లేచి కూర్చుంది. ఒక చేతికి సూది ఉంది, దాన్ని కదపకుండా పక్కన పెట్టుకుంది. రెండో చేయి ఎత్తి, ఆ చిన్న అరచేతిని తన నుదుటికి తనే ఆనించుకుంది.

“నేనే పట్టుకుంటాల్యా,” అంది.

ఎలా వెనక్కి వచ్చానో నాకు తెలియదు. భయం పోయి మాత్రం రాలేదు. చెవుల్లో హోరు అట్లాగే ఉంది, డోకు గొంతులోనే ఉంది, కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. మంచం పక్కన ఉన్న గిన్నె అందుకుని దాని ఒళ్ళో పెట్టాను. దాని చేయి తీసేసి నా చేయి పెట్టాను. తల బరువంతా నా అరచేతిలో వాలింది. ఎండకు కాగిన చెంబులా వెచ్చగా ఉంది.

“నీ చెయ్యి వణకతాంది మా,” అంది.

“వణకనీలే తల్లీ, నువ్వు కక్కు,” అన్నాను.